సులేమాన్ బట్టల మీద పసుపు గుర్తు



మౌసీఖీ జాయెజా, నాజాయెజా అన్న బహస్ మన ఇళ్లలో ఎప్పుడూ ఉన్నదే. దాన్ని ఉలమాకు వదిలేద్దాం. నేను చెప్పబోయేది తారీఖ్. ఇటలీలోని మాంతువా నగరంలో ఉండిన ఒక యహూదీ ఫన్‌కార్ కథ. అతని పేరు సాలమోనె రోస్సీ. సాలమోనె అంటే మన సులేమానే.

1600 ప్రాంతంలో మాంతువాను గొంజాగా ఖాందాన్ ఏలేది. ఆ దర్బారులో కళాకారులకు మంచి ఖదర్ ఉండేది. మొంతెవెర్దీ అంతటివాడు అక్కడే కొలువు చేశాడు. రోస్సీ కూడా అక్కడే వాయించేవాడు. పాటకు తోడుగానో, నాట్యానికో వాయించడమే కాక, సాజ్‌లు కలిసి సొంతంగా వినిపించే సంగీతం ఇటలీలో జోరందుకున్న రోజులవి. వెనిస్‌లో గాబ్రియేలి 1597లో అచ్చువేసిన ఒక రచనలో ఏ భాగం ఏ సాజ్ వాయించాలో, ఎక్కడ మెల్లగా, ఎక్కడ గట్టిగా వాయించాలో కూడా రాసిపెట్టాడు.

రోస్సీ 1607లో తన సాజ్‌ల సంగీతం మొదటి సంపుటం తెచ్చాడు. అందులో చాలా బాణీల్లో పైన రెండు సాజ్‌లు సవాల్ జవాబ్ లాగా నడుస్తాయి. కింద కితర్రోనె అనే పొడవాటి మెడ లూట్ వాటికి ఆధారమిస్తుంది. లూట్ అన్న పేరు అరబీలోని 'అల్ ఊద్' నుంచి వచ్చిందే. తర్వాత వంద ఏళ్లు యూరప్ అంతా వాయించిన ట్రయో సొనాటాకు ఈ పద్ధతి ఒక పునాది.

ఇక అసలు విషయం. యహూదీలు, ముస్లింలు తమ లిబాస్‌తో వేరుగా కనబడాలని 1215లో రోమ్‌లో చర్చి పెద్దల సభ హుకుం చేసింది. మాంతువాలో యహూదీలు పసుపు గుర్తు పెట్టుకోవాల్సి వచ్చేది. 1606లో డ్యూక్ విన్సెంజొ రోస్సీకి ఆ గుర్తు మాఫ్ చేశాడు. హునర్‌కు దక్కిన ఇనామ్ అది. అయితే అతని కౌమ్‌కు ఆ మాఫీ లేదు. 1612 నాటికి వాళ్లను ఘెట్టోలో పెట్టారు.

బట్టల మీద గుర్తు తీసేసిన రోస్సీ తన పుస్తకాల మీద మాత్రం పేరు పక్కన 'ఎబ్రేయొ', అంటే యహూదీ, అని వేయించుకున్నాడు. 1620లలో హీబ్రూ ప్రార్థనలకు బాణీలు కట్టి అచ్చువేయించాడు. 1630లో చక్రవర్తి సైన్యం మాంతువాను లూటీ చేసి, ఘెట్టోను నాశనం చేసింది. ఆ గందరగోళం తర్వాత అతని జాడ లేదు.

ఈ కథ చదివి యూరప్‌ను తిట్టి ఊరుకోవడం ఆసాన్. కానీ 850లో అబ్బాసీ ఖలీఫా ముతవక్కిల్ కూడా యహూదీలు, క్రైస్తవులు తేనెరంగు బట్టలు కట్టాలని ఫర్మానా ఇచ్చాడు. ఆ వరఖ్ కూడా మన పిల్లలకు చదివి వినిపించాలి. మన ఇంట్లో బాగా చదివిన ఒక అబ్బాయిని చూపించి "మీరు అందరిలాంటి వాళ్లు కాదు" అని ఎవరైనా మెచ్చుకున్నప్పుడు నాకు రోస్సీ గుర్తొస్తాడు. ఒక్కరికి దొరికే మాఫీ మెహర్బానీ. ఇన్సాఫ్ అయితే మొహల్లా మొత్తానికీ దొరకాలి.

ఖుదా హాఫిజ్.