రేడియో మౌన వ్యవధి

సముద్రంలో ఆపదలో ఉన్న ఓడల బలహీన సంకేతాలు వినబడేందుకు మిగతా ప్రసారాలన్నీ ఆపి ఉంచే నియమిత సమయమే రేడియో మౌన వ్యవధి. మోర్స్ సంకేతాలకు వాడిన 500 కిలోహెర్ట్జ్‌పై ప్రతి గంటలో 15–18, 45–48 నిమిషాల మధ్య, మాటలకు వాడిన 2182 కిలోహెర్ట్జ్‌పై గంట మొదట్లో, అరగంట వద్ద మూడేసి నిమిషాలు దీన్ని పాటించేవారు. ఓడల రేడియో గదుల్లోని గడియారాలపై మొదటివాటిని ఎరుపు, రెండోవాటిని ఆకుపచ్చ రంగుతో గుర్తించేవారు. తక్కువ శక్తితో పనిచేసే లైఫ్‌బోట్ల ట్రాన్స్‌మిటర్లకు ఈ నిశ్శబ్దం ఎంతో కీలకంగా ఉండేది. 1999 ఫిబ్రవరి 1న ప్రపంచ సముద్ర ఆపద, భద్రతా వ్యవస్థ పూర్తిగా అమల్లోకి రావడంతో గంటల లెక్కన పాటించే మౌనం అవసరం తగ్గింది. అయితే ఆపదలో ఉన్నవారి కోసం గాలింపు సాగుతుండగా సమన్వయ కేంద్రం ‘సీలాన్స్ మేడే’ అని ప్రకటిస్తే, సంబంధం లేని కేంద్రాలన్నీ ఆ పౌనఃపున్యంపై ప్రసారం మానాలి. ‘సీలాన్స్ ఫీనీ’ అన్నాకే మామూలు సంభాషణలు మొదలవుతాయి.