గయాలాల్: పేరు సామెతగా మారిన శాసనసభ్యుడు

పార్టీ ఫిరాయింపుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా దేశ రాజకీయాల్లో ‘ఆయారామ్, గయారామ్’ అన్న మాట వినిపిస్తుంది. హిందీలో ‘ఆయా’ అంటే వచ్చాడు, ‘గయా’ అంటే పోయాడు. ఇది ఎవరో చమత్కారి అల్లిన మాట అని చాలామంది అనుకుంటారు. దాని వెనుక ఒక నిజమైన వ్యక్తి ఉన్నారు. ఆయన పేరు గయాలాల్, హర్యానాలోని హసన్‌పూర్ శాసనసభ్యుడు.

హర్యానా రాష్ట్రం 1966 నవంబరు 1న ఏర్పడింది. మరుసటి ఏడాది ఆరంభంలో జరిగిన ఎన్నికల్లో 81 స్థానాలకు గాను కాంగ్రెస్ 48 గెలుచుకున్నది. దళిత వర్గానికి చెందిన గయాలాల్ స్వతంత్ర అభ్యర్థిగా విజయం సాధించి, అనంతరం కాంగ్రెస్‌లో చేరారు. భగవత్ దయాళ్ శర్మ మార్చి 10న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. వారం తిరిగేసరికే ప్రభుత్వానికి కష్టకాలం దాపురించింది. సభాపతి ఎన్నికలో అధికారపక్షం నిలిపిన అభ్యర్థి ఓడిపోగా, అదే పార్టీలోని అసమ్మతి నాయకుడు రావు బీరేంద్ర సింగ్ ప్రతిపక్షం మద్దతుతో గెలిచారు. కాంగ్రెస్ సభ్యులు పన్నెండుమంది బయటకు నడిచారు. మార్చి 24న బీరేంద్ర సింగ్ ముఖ్యమంత్రి అయ్యారు.

ఆ రోజుల్లోనే గయాలాల్ పక్షం రోజుల వ్యవధిలో మూడుసార్లు పక్షం మార్చారు. కాంగ్రెస్ నుంచి సంయుక్త కూటమికి వెళ్లారు, తిరిగి కాంగ్రెస్‌కు వచ్చారు, తొమ్మిది గంటలలోపే మళ్లీ కూటమిలో చేరారు. చండీగఢ్‌లో విలేకరుల ముందుకు ఆయనను వెంటబెట్టుకు వచ్చిన బీరేంద్ర సింగ్, గయారామ్ ఇప్పుడు ఆయారామ్ అయ్యారని ప్రకటించారు. ఆ మాట పార్లమెంటుకు చేరింది, పత్రికలకు ఎక్కింది, ఇక చెరిగిపోలేదు. మనకు ‘గోడమీది పిల్లి’ అన్న నానుడి పాతదే. అయితే ఆ పిల్లికి ఊరూ పేరూ లేవు. హసన్‌పూర్ సభ్యునికి ఆ అదృష్టం దక్కలేదు.

ఆనాటి అంకెలను చూస్తే, అపకీర్తి అంతా ఒక్కరి ఖాతాలో పడటం న్యాయమా అన్న సందేహం కలుగుతుంది. ఫిరాయింపుల పరిశీలనకు ఒక సంఘాన్ని నియమించాలని కోరుతూ 1967లో లోక్‌సభలో తీర్మానం ప్రతిపాదించినది ఆంధ్రప్రదేశ్‌కు చెందిన కాంగ్రెస్ సభ్యుడు పెండేకంటి వెంకటసుబ్బయ్య. డిసెంబరు 8న సభ దానిని ఆమోదించింది. హోంమంత్రి వై.బి. చవాన్ అధ్యక్షతన ఏర్పడిన ఆ సంఘం 1969లో నివేదిక సమర్పించింది. 1967 మార్చి నుంచి పన్నెండు నెలల్లో దేశంలో 438 ఫిరాయింపులు జరిగాయని తేల్చింది. వివిధ రాష్ట్రాల్లో పార్టీ మారిన 210 మంది శాసనసభ్యుల్లో 116 మందికి మంత్రిపదవులు దక్కాయని కూడా లెక్క కట్టింది. అంటే సగానికి మించి. గోడ దూకినవారిని ప్రజలు గుర్తుపెట్టుకున్నారు. అవతల నిచ్చెన వేసి నిలుచున్నవారి పేర్లు అంతగా ప్రచారంలోకి రాలేదు.

ఆ నిచ్చెనను తీసివేయడమే సంఘం చేసిన ముఖ్యమైన సూచన: ఫిరాయించిన సభ్యుడు ఏడాదిపాటు, లేదా రాజీనామా చేసి తిరిగి ఎన్నికయ్యేవరకు మంత్రి కారాదు. దానిని ఎవరూ తొందరపడి అమలు చేయలేదు. 1973, 1978 సంవత్సరాల్లో వచ్చిన రాజ్యాంగ సవరణ బిల్లులు చట్టరూపం దాల్చలేదు. ఈలోగా హర్యానాలోనే 1980 జనవరిలో ముఖ్యమంత్రి భజన్‌లాల్ తన జనతా ప్రభుత్వంతో సహా కాంగ్రెస్‌లో కలిసిపోయారు. 1984 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీ రామారావును తొలగించి నాదెండ్ల భాస్కరరావును గద్దెనెక్కించిన ఉదంతం తెలుగువారికి వివరించనక్కరలేదు. నెల తిరిగేసరికి రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు.

చివరకు 1985లో 52వ సవరణ ద్వారా రాజ్యాంగంలో పదో షెడ్యూలు చేరింది. దాని ప్రకారం స్వతంత్రుడిగా గెలిచిన సభ్యుడు తర్వాత ఏ పార్టీలో చేరినా అనర్హుడవుతాడు. ఆ నిబంధన 1967లో ఉండివుంటే గయాలాల్ తొలి అడుగుతోనే సభ్యత్వం పోయేది. ఒక్కరు మారితే తప్పు, మూడోవంతు మంది కలిసి మారితే ‘చీలిక’ అన్న వెసులుబాటును మాత్రం ఆ చట్టం మిగిల్చింది. 2003లో 91వ సవరణ దానిని రద్దు చేసింది. అనర్హుడైన సభ్యుడు మంత్రి కాకూడదన్న నిబంధన చేరింది కూడా అప్పుడే. చవాన్ సంఘం సూచనకు అది ముప్పైనాలుగేళ్ల తర్వాత వచ్చిన సమాధానం.

బీరేంద్ర సింగ్ ప్రభుత్వం ఏడాది కూడా నిలవలేదు. 1967 నవంబరులో రాష్ట్రపతి పాలన వచ్చింది. గయాలాల్ రాజకీయ జీవితం మాత్రం అంతటితో ముగియలేదు. ఆర్యసభలో, తర్వాత చరణ్‌సింగ్ నాయకత్వంలోని భారతీయ లోక్‌దళ్‌లో పనిచేశారు. 1977లో జనతా పార్టీ తరఫున హసన్‌పూర్ ఓటర్లు ఆయనను తిరిగి శాసనసభకు పంపారు. పదేళ్లుగా దేశమంతా వల్లిస్తున్న సామెత వారికీ తెలియకపోదు. ఆయన 2009లో మరణించారు. కుమారుడు ఉదయ్ భాన్ 2022లో హర్యానా ప్రదేశ్ కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు.

అనర్హతపై నిర్ణయాధికారం నేటికీ సభాపతిదే. 1992లో కిహోటో హొల్లోహాన్ కేసులో సుప్రీంకోర్టు ఆ అధికారాన్ని సమర్థిస్తూనే, నిర్ణయం న్యాయసమీక్షకు లోబడి ఉంటుందని చెప్పింది. అయితే నిర్ణయానికి గడువేదీ షెడ్యూలులో లేదు. తెలంగాణలో భారత రాష్ట్ర సమితి గుర్తుపై గెలిచిన పదిమంది సభ్యులపై దాఖలైన పిటిషన్లను మూడు నెలల్లో తేల్చాలని 2025 జులై 31న సుప్రీంకోర్టు సభాపతిని ఆదేశించింది ఈ కారణంగానే.