బొమ్మకి ఎదురు పేజీ

పాత అచ్చు బొమ్మలు కొనేవాళ్ళు మొదట అడిగేది 'ఇది అసలుదేనా?' అని. జవాబు వెతుక్కునే పద్ధతులు నేనూ నేర్చుకున్నాను. రాగిరేకు మీద చెక్కి అచ్చేసిన బొమ్మయితే, ప్రెస్సు ఒత్తిడికి రేకు అంచు కాగితంలోకి దిగి చుట్టూ నొక్కు పడుతుంది. 18వ శతాబ్దం తొలినాళ్ళ కాగితాన్ని వెలుతురుకి పట్టి చూస్తే జల్లెడ తీగల ఆనవాళ్ళు కనిపిస్తాయి. భూతద్దం కింద రంగంతా వరసగా చుక్కలు చుక్కలుగా ఉంటే అది ఆఫ్‌సెట్ నకలు. రంగులు ఆ రోజుల్లోనే అద్దారా, ధర పెంచడానికి ఈమధ్య పూశారా అన్నదీ చూసుకోవాలి. ఇవన్నీ అవసరమే. కానీ మరియా సిబిల్లా మెరియాన్ బొమ్మల దగ్గరికి వచ్చేసరికి ఈ 'అసలు' అన్న మాట నాకు చాలలేదు.

మెరియాన్ 1647లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది. భర్త నుంచి విడిపోయి బతుకుతూ, 1699లో, 52 ఏళ్ళ వయసులో, చిన్న కూతురు డొరోతియాని వెంటబెట్టుకుని దక్షిణ అమెరికాలోని డచ్చి వలస సురినామ్‌కి ఓడెక్కింది. జబ్బుపడి 1701లో తిరిగొచ్చింది. 1705లో ఆమ్‌స్టర్‌డామ్‌లో 60 రాగిరేకుల చిత్రాలతో సురినామ్ పురుగుల రూపాంతరాల మీద పుస్తకం తెచ్చింది. గొంగళిపురుగు, గూడు, సీతాకోకచిలుక, వాటిని పోషించే మొక్క, అన్నీ ఒకే బొమ్మలో కనిపిస్తాయి.

అందులో 45వ బొమ్మ మన పెరళ్ళలో పూసే రత్నగంధి. ఎదురు పేజీలో మెరియాన్ ఏం రాసిందో తెలుసా? డచ్చివాళ్ళ కింద నలిగిపోతున్న ఆదివాసీ స్త్రీలు, తమ బిడ్డలు తమలాగా బానిసలు కాకూడదని, ఈ గింజలతో కడుపు పోగొట్టుకునేవారట. ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిస స్త్రీల నిస్పృహ గురించీ అక్కడే రాసింది. వాళ్ళే తనతో చెప్పారని కూడా నమోదు చేసింది. సురినామ్‌లో బానిసత్వం రద్దయింది 1863లో. అంటే ఈ మాటలు అచ్చయ్యాక ఇంకా 158 ఏళ్ళకి!

మొక్క యూరప్ తోటల్లోకి వచ్చింది గానీ, దాన్ని స్త్రీలు ఎందుకు వాడారన్న జ్ఞానం వెంట రాలేదని చరిత్రకారిణి లోండా షీబింగర్ 2004లో వచ్చిన తన పుస్తకంలో చూపించింది. ప్రింట్ల వ్యాపారం ఇప్పటికీ అదే పని చేస్తోందని నాకనిపిస్తుంది. పాత పుస్తకాల కుట్లు విప్పి బొమ్మల్ని విడివిడిగా అమ్ముతారు. ఫ్రేములో పట్టేది బొమ్మ ఒక్కటే. విదేశంలో ఒక దుకాణంలో మెరియాన్ బొమ్మ చూసి, దీని ఎదురు పేజీ ఉందా అని అడిగాను. "గోడకి అక్షరాలెవరు తగిలించుకుంటారండీ" అన్నాడాయన మర్యాదగానే. కాగితం అసలుదే, నొక్కు అసలుదే. ఆ పక్కనున్న మాటలు మాత్రం లేవు.

మెరియాన్‌ని దేవతని చేయనక్కర్లేదు. అడవిలో ఆమెకి దారి నరికింది బానిసలే. ఒక ఆదివాసీ స్త్రీని ఆమె తన వెంట ఆమ్‌స్టర్‌డామ్‌కి తీసుకొచ్చింది కూడా. పుస్తకం మీద మెరియాన్ పేరుంది. గింజల రహస్యం చెప్పిన స్త్రీల పేర్లు అందులో ఎక్కడా లేవు. వాళ్ళ జాడగా మిగిలింది ఆ ఎదురు పేజీలోని కొన్ని వాక్యాలే. అదీ చించి పారేస్తే ఇంకేం మిగులుతుంది?

చివరికి నేను కొన్నది పాఠంతో సహా అచ్చేసిన నకలు పుస్తకం. సేకర్తల లెక్కలో దానికి విలువ లేదు. నాకు మాత్రం విడి కాగితం కన్నా అదే అసలుది. విడి బొమ్మలు కొనొద్దని నేననను. కొంటే మాత్రం ఏ పుస్తకం, ఏ ఏడు, ఎన్నో బొమ్మ అని అడగండి. ఎదురు పేజీలో ఏముందో వెతికి, రాసి, ఫ్రేము వెనకైనా అంటించండి.