పెట్టెలో బట్ట, అద్దెకు బట్ట

గాజువాకలో మగ్గం వర్క్ షాపు నడిపినదాన్ని. పెళ్లికూతురు ఎవరైనా సరే, ముఖం కన్నా ముందు జాకెట్టు చేతుల మీదకే పోతాయి నా కళ్లు. ట్యునీషియా ఫాస్ఫేటు నుంచి తీసిన ఆమ్లం ఓడలెక్కి విశాఖకీ కాకినాడకీ వస్తుంటుంది. ఆ ఎరువుల వ్యాపారం దారిలోనే మా ఆయన ఉద్యోగం మీద మేం ఎదురు వెళ్లి అక్కడి స్ఫాక్స్‌లో కాపురం పెట్టాం. భాష రాదు, చేతిలో పని లేదు. పక్కింటి వాళ్లు పెళ్లికి పిలిస్తే, పోనీ కుట్టుపనైనా చూడొచ్చని వెళ్లాను.

అక్కడ పెళ్లిళ్ల కాలం అంటే జులై, ఆగస్టు. ఫ్రాన్సులో, ఇటలీలో పనిచేసే కొడుకులూ కూతుళ్లూ సెలవులకి ఇంటికి చేరేది అప్పుడే. పెళ్లి ఒక్క రోజుతో తేలదు. హమ్మాం స్నానం ఒకనాడు, గోరింటాకు ఒకనాడు, సంప్రదాయ బట్టలు కట్టి పెళ్లికూతుర్ని చూపించే ‘ఊతియా’ ఇంకోనాడు, చివర హాల్లో పెద్ద విందు. గోరింటాకు పెట్టే ఆవిడని ‘హన్నానా’ అంటారు. ఆవిడే ‘హర్కూస్’ కూడా దిద్దుతుంది. మాచికాయతో కాచిన నల్లటి రంగు అది. గోరింటాకు అంచుల వెంట సన్నటి గీతలుగా, చుక్కలుగా వేస్తే చేయి మీద లేసు పరిచినట్టు ఉంటుంది.

నేను చూడాలనుకున్నది ఊతియా నాటి బట్టలే. పెళ్లికూతుర్ని చూడగానే లెక్కలు మొదలుపెట్టాను: ఎన్ని తులాల తీగ, ఎన్ని రోజుల పని, ఎంతమంది చేతులు? ‘ఖమిజ్జా’ అనే వెడల్పాటి చొక్కా, మీద ‘ఫర్మ్లా’ అనే చేతుల్లేని కోటు, రెంటి మీదా ఖాళీ లేకుండా బంగారు రంగు పని. మనం జర్దోసి అనే స్ప్రింగు తీగనే వాళ్లూ వాడతారు. ముక్కలుగా కత్తిరించి, పూసలా సూదికి ఎక్కించి, లోపల దూది తాడో అట్టముక్కో పెట్టి ఉబ్బెత్తుగా కుడతారు. దాన్ని ‘కంతీల్’ అంటారు. చమ్కీలని ‘అదస్’, అంటే పప్పుబద్దలు అంటారు. డిజైన్లలో చేపలు, అయిదువేళ్ల చెయ్యి, చంద్రవంక, పువ్వులు. చేప, చెయ్యి రెండూ దిష్టికే.

ఆ తరవాత ‘జల్వా’. కాస్త ఎత్తయిన చోట పెళ్లికూతుర్ని నిలబెడతారు. రెండు అరచేతులూ భుజాల ఎత్తున జనం వైపు తిప్పి, కళ్లు దించుకుని, పిల్ల నిదానంగా ఏడుసార్లు తన చుట్టూ తాను తిరుగుతుంది. చుట్టూ ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ ఊళలు పెడతారు. చూసేవాళ్లకి వేడుక, చేసేదానికి శిక్ష. ఆ బరువు మోస్తూ తిరగడం మాటలా? అయితే జల్వా అసలు పని వేరే. ఏ బట్ట, ఏ నగ ఈ పిల్ల సొంతమో నలుగురి ముందూ నిలబెట్టి చూపడం అది. వెనకటి రోజుల్లో ఊరికి అదొక సాక్ష్యం.

పాతకాలంలో పెళ్లిబట్ట కొనేది కాదు, చేసుకునేది. పట్టణాల్లో ఆడపిల్లలు ‘మఅల్లమా’ అనే పెద్దావిడ ఇంటికి వెళ్లి సూది పట్టడం నేర్చుకునేవారు. మన వీధిబడిలో అక్షరాలు దిద్దినట్టు అక్కడ కుట్లు దిద్దేవారు. పదేళ్ల పిల్ల కుట్టిన ముక్క కూడా పెట్టెలోకి చేరేది. పెళ్లినాటికి ఆ పెట్టె నిండాలి. పరుపులు, దుప్పట్లు, బట్టలు మగపెళ్లివారింటికి మోసుకెళ్లేటప్పుడు అదొక ఊరేగింపు. రాఫ్‌రాఫ్, హమ్మామెత్, నాబుల్ ఊళ్ల కుట్టుపని పేరుపడింది ఇలాగే. ఏ ఊరి పని ఏదో చొక్కా ఛాతీ మీది అల్లిక చూసి చెప్పేసేవారట. 1900లో రాజధాని ట్యూనిస్‌లో ముస్లిం ఆడపిల్లల కోసం మొదటి బడి తెరిచారు. బడులు పెరిగేకొద్దీ మఅల్లమా ఇళ్లు ఖాళీ అయ్యాయి. దానికి నేను ఏడవను. చదువుకున్న పిల్లకి పదేళ్లు కూర్చుని చొక్కా కుట్టే తీరిక ఎక్కడిది? ఆ తీరిక లేనిచోట పెట్టె ఎలా నిండుతుంది?

పెట్టె అంటే గుర్తొచ్చింది. స్ఫాక్స్‌కి ఉత్తరాన, సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల మీద మహ్దియా ఉంది. పదో శతాబ్దం మొదట్లో ఫాతిమిద్ ఖలీఫా కట్టించిన ఊరు. ఆ ఊళ్లో పుట్టిన అబ్రహాం బెన్ యిజూ అనే యూదు వ్యాపారి 1130ల్లో మన మంగళూరు చేరాడు, అక్కడ కంచు సామాను చేయించాడు, ఆషు అనే మలబారు పిల్లని దాస్యం నుంచి విడిపించి ఆమెతో కాపురం చేశాడు. 1148లో సిసిలీ నార్మన్లు మహ్దియాని పట్టుకున్నారు. అతని తోబుట్టువులు సిసిలీకి పారిపోయారు. తరవాత అతను పిల్లల్ని తీసుకుని పడమటికి తిరిగి వెళ్లాడు. కూతురికి 1156లో, ఈజిప్టులోని ఫుస్తాత్‌లో, తన అన్నదమ్ముల బిడ్డతోనే పెళ్లి చేశాడు. ఇవన్నీ కైరో యూదుల ప్రార్థనామందిరంలో దొరికిన కాగితాల వల్ల తెలిశాయి. ఆ కాగితాల్లో పెళ్లికూతుళ్ల సారె జాబితాలు బోలెడు: ఏ బట్ట, ఎంత ఖరీదు అని వరసపెట్టి రాసుకున్నారు. సారెని వెల కట్టి రాసేది ముచ్చటకి కాదు. రేపు విడిపోతే ఏది ఎవరిదో తేల్చుకోవడానికి.

మహ్దియా సందుల్లో ఇప్పటికీ పట్టు నేస్తారు. మగవాళ్లే నేస్తారు, తొక్కుడు మగ్గాల మీద. ఇళ్లలో ఉన్ని నేసేది ఆడవాళ్లు, దుకాణాల్లో పట్టు నేసేది మగవాళ్లు. ఈ పంపకం ఉత్తర ఆఫ్రికా అంతటా పాతదే. పట్టు చారలూ జరీ చారలూ పక్కపక్కన దట్టంగా వచ్చే ఆ బట్ట మహ్దియా పెళ్లికూతురి ఒంటికి చుట్టే ‘రిదా’కి పెట్టింది పేరు. ఇప్పుడు ఆ దేశంలో ఏ మూల పెళ్లయినా ఊతియాకి మహ్దియా బట్టే కావాలంటున్నారు. తమ ఊరి పాత బట్ట సంగతి మర్చిపోయి, మెరుపు ఎక్కువున్న ఊరి బట్టని అందరూ పట్టుకున్నారన్నమాట. ఇది నాకు కొంచెం బాధే. మా షాపులోనూ అంతే, ఒక సినిమాలో ఒక జాకెట్టు కనిపిస్తే ఆ ఏడాదంతా అదే కుట్టాం.

దక్షిణాన కొండల్లోకి వెళితే లోకం మారిపోతుంది. మత్మాతా, దువైరెత్, షెనీనీ. అమాజీగ్ (బెర్బర్) జనం ఊళ్లు. అక్కడ ఆడవాళ్లది కుట్టులేని బట్ట. ‘మెలియా’ అనే ఒకే పొడుగు గుడ్డని ఒంటికి చుట్టి, రెండు భుజాల దగ్గరా వెండి పిన్నులతో బిగిస్తారు. తల మీదకి ‘బఖ్నూగ్’ అనే ఉన్ని శాలువా. నేను ఆ దేశంలో చూసినవాటిలో దేనికైనా దణ్ణం పెట్టాలంటే ఆ బఖ్నూగ్‌కే పెడతాను. తెల్ల ఉన్నితో శాలువా నేస్తూ, మధ్యమధ్య తెల్ల నూలుతో ముగ్గులు వేస్తుంది అక్కడి ఇల్లాలు. తెలుపు మీద తెలుపు. నేస్తున్నంతసేపూ ముగ్గు దాదాపు కనిపించదు. వేళ్లకీ మనసుకీ తెలిసి ఉండాలి, అంతే. బట్ట దించాక మొత్తం రంగులో ముంచుతారు. ఉన్ని రంగు పీల్చుకుంటుంది, నూలు పీల్చుకోదు. ఎర్రటి శాలువా మీద త్రికోణాలు, దువ్వెనలు, పాము మెలికలు తెల్లగా తేలతాయి. తప్పు పడితే అప్పుడే తెలిసేది, దిద్దుకోవడానికి దారి లేదు. పెళ్లికాని పిల్లకి ముంచకుండా తెల్లగానే వదిలేస్తారు. పెళ్లికూతురికి ఎరుపు. వయసు మళ్లేకొద్దీ అదే శాలువా మళ్లీ ముంచి నీలం, నలుపు. ఒక బట్టే మనిషితో పాటు ముదురుతుంది. మా మగ్గం పని ఎంత గొప్పదైనా దానికి ఈ తెలివి లేదు.

మగవాళ్ల బట్టల గురించి చెప్పేది తక్కువ. ‘జెబ్బా’ అనే పొడుగు అంగీ, నెత్తిన ‘షెషియా’ అనే ఎర్ర టోపీ. ఆ టోపీ చరిత్ర మాత్రం టోపీ కన్నా పెద్దది. 1609 నుంచి స్పెయిన్ వెళ్లగొట్టిన ముస్లింలు ట్యూనిస్ చేరి ఈ పనిని పెంచారు. ఉన్నితో పెద్ద సంచిలా అల్లేది అరియానా ఆడవాళ్లు. వేడినీళ్లలో సబ్బుతో దంచి కుదించేది మెజర్దా నది ఒడ్డున బతాన్‌లో. ఎర్రరంగు వేసేది నీళ్లు మంచివని జగ్వాన్‌లో. ఒక్క టోపీ ఇన్ని ఊళ్లు తిరిగేది.

ఇక పెళ్లి చట్టం సంగతి. ఖైరవాన్ ఊరికి ఒక పాత పద్ధతి ఉండేది. పెళ్లి ఒప్పందంలోనే ‘ఈమె ఉండగా ఇంకొకర్ని చేసుకోను, చేసుకుంటే విడిపోయే హక్కు ఈమెదే’ అని మగవాడి చేత రాయించేవారు. శతాబ్దాల నాటి మాట అది. 1930లో తాహిర్ హద్దాద్ అనే రచయిత ఆడవాళ్ల హక్కుల మీద పుస్తకం రాస్తే జైతూనా మసీదు పండితులు అతన్ని వెలేసినంత పని చేశారు. 1956 మార్చి 20న స్వాతంత్ర్యం వచ్చింది. అయిదు నెలలు తిరక్కుండానే, ఆగస్టు 13న, ప్రధాని హబీబ్ బుర్గీబా కొత్త కుటుంబ చట్టం తెచ్చాడు. రెండో పెళ్లి నేరమైంది. విడాకులు కోర్టులోనే. పిల్ల ఒప్పుకోనిదే పెళ్లి చెల్లదు. మగవాడు ఇచ్చే మెహర్ చాలా ఇళ్లలో నామమాత్రంగా ఒక్క దినారుకి దిగింది. మా పక్కింటి ముసలమ్మ తన దినారు గురించి నవ్వుతూ చెప్పింది, ‘నా ఖరీదు కాదు బ్నీతీ (బిడ్డా), నాకు ఖరీదు లేదని దాని అర్థం’ అని.

అదే బుర్గీబా 1929లో ముసుగుని సమర్థిస్తూ పత్రికలో రాశాడంటే నమ్మబుద్ధి కాదు. ఆ జనవరిలో హబీబా మెన్షారీ అనే ఆవిడ ముసుగు లేకుండా ట్యూనిస్ సభలో ప్రసంగిస్తే, ఫ్రెంచి వాళ్లు మన గుర్తింపుని తుడిచేస్తున్నప్పుడు ఇది సమయం కాదన్నాడు. గద్దె ఎక్కాక రోడ్డు మీద ఆడవాళ్ల తల మీది ‘సఫ్‌సారీ’ని తన చేత్తో తొలగిస్తూ ఫిల్ముకెక్కాడు. సఫ్‌సారీ అంటే తల నుంచి మడమల దాకా కప్పుకునే పాలమీగడ రంగు గుడ్డ. ఇప్పుడు బజారులో అది ముసలమ్మల మీదే కనిపిస్తుంది. ఇంకొక చోటా కనిపిస్తుంది, పెళ్లికూతురు హమ్మాంకి వెళ్లేటప్పుడు. స్నేహితురాళ్లందరూ సఫ్‌సారీలు కప్పుకుని ఫొటోలు దిగుతారు. వాళ్ల అమ్మమ్మలు మానేసిన గుడ్డని ఒక్క పూటకి తెచ్చుకుంటారు.

ఊతియా బట్టలకీ ఇదే జరిగింది. పెద్ద విందు రాత్రిని తెల్ల గౌను ఎప్పుడో కాజేసింది. పాత బట్ట ఒక రోజు ముందుకి జరిగి, ఆ రోజుని తనదిగా ఉంచుకుంది. ఏటా మార్చి 16న సంప్రదాయ దుస్తుల దినం జరుపుతారు, ఆ రోజు బడిపిల్లలు షెషియాలు పెట్టుకుని వస్తారు. బట్ట పోలేదు. కాని అది ఎవరిది అన్న మాట మారింది. నగల సంగతీ అంతే. మొక్నీన్ ఊళ్లో, జెర్బా దీవిలో వెండి పని చేసే యూదు కంసాలులుండేవారు. 1948 నాటికి ఆ దేశంలో లక్ష దాకా ఉన్న యూదుల్లో చాలామంది ఇజ్రాయెల్‌కీ ఫ్రాన్సుకీ వెళ్లిపోయారు. నేను చూసిన పెళ్లికూతురి మెడలో వేలాడినవి చాలావరకు పూత నగలే, అవీ అద్దెవే.

స్ఫాక్స్‌లో పెళ్లి అయ్యాక కొత్త జంట చేత పెద్ద చేపని ఏడుసార్లు దాటిస్తారు. పిల్లల కోసం, దిష్టి తగలకుండా. దానికి అద్దె లేదు, చేప మాత్రం ఇప్పటికీ కొనాల్సిందే.

అద్దె షాపు నడిపే ఆవిడ ఒకామె నాకు స్నేహితురాలైంది. ఆమె బట్టల్ని తిరగేసి చూశాను, చేతి అలవాటు మరి. పాత ఫర్మ్లా ఒక పిల్ల కొలతకి కుట్టేవారు, ఆ పిల్లతోనే ముసలిదయ్యేది. అద్దె ఫర్మ్లా వెనక నడుము దగ్గర కోసి కన్నాలు వేసి తాడు ఎక్కించారు, సన్నమ్మాయికీ లావమ్మాయికీ సరిపోయేట్టు. ముందు వైపు చూసేవాళ్లకి ఆ తాడు తెలియదు. జల్వాలో తిరిగేటప్పుడు పైన రిదా కప్పేస్తుంది. చంకల దగ్గర చెమటకి లోపలి గుడ్డ చివుకుతుంది కాబట్టి అక్కడ ఊడదీసి మార్చే అస్తరు పెట్టారు. వెండి జరీ నల్లబడుతుంది, ఉతకడానికి లొంగదు, బరువు. అందుకని కొత్తవాటిలో ప్లాస్టిక్ మీద పూత వేసిన దారమే. అది నల్లబడదు, తేలిక, చౌక, ఒక సీజనులో ఎన్ని ఊతియాలకైనా పనికొస్తుంది. సెప్టెంబరులో బట్టలన్నీ తిరిగొచ్చాక ఊడిన చమ్కీలు కుట్టడానికి నన్నూ కూర్చోబెట్టింది. కూలి ఇస్తానంది. వద్దన్నాను, మా అమ్మాయి పెళ్లికి బట్ట ఏ షాపులో అద్దెకి తెచ్చావని ఆమె నన్ను అడిగిన రోజు దాకా. కొన్నామని చెప్పాను. ఎంతకని అడిగింది. చెప్పాక, ఇప్పుడది ఎక్కడుందంది. బీరువాలో, అన్నాను. ‘ఏడాదికి ఎన్నిసార్లు కడుతుంది?’ అంది. అప్పటినుంచి కూలి తీసుకున్నాను.