ఖామోష్ హర్ఫ్‌ల తారీఖ్

మన పిల్లలు ‘నైఫ్’ని ‘క్నైఫ్’ అని చదివితే అందరూ నవ్వుతారు. ఈరోజు ఆ తలఫ్ఫుజ్ గలతే. ఒకప్పుడు మాత్రం అదే సహీ. 1400లో ఇంతెఖాల్ అయిన ఇంగ్లీషు షాయర్ చాసర్ జమానాలో ఆ ‘కె’ని పలికేవారు. రాత్రి అనే ‘నైట్’లో ‘జి.హెచ్.’కి మన ‘ఖే’ లాంటి ఆవాజ్ ఉండేది. జర్మన్లు రాత్రిని ఇప్పటికీ ‘నాఖ్ట్’ అంటారు. 1476లో విలియం కాక్స్టన్ వెస్ట్‌మినిస్టర్‌లో ప్రెస్ పెట్టాడు. పుస్తకాలు పెరిగేకొద్దీ రాత స్థిరపడింది. జనం నోట పలుకు మారుతూ పోయింది. 1700 నాటికి ‘కె’ దాదాపు ఖామోష్.

‘డెట్’ అంటే కర్జ్. దాని ‘బి’ కిస్సా వేరు. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అందులో ‘బి’ లేదు. లాటిన్ అసల్ ‘డెబిటుమ్’ గుర్తుండాలని చదువుకున్నవాళ్లు తర్వాత ఇరికించారు.

ఉర్దూ మీడియంలో చదివిన నాకు ఇదేం అజీబ్ కాదు. ‘ఖ్వాబ్’లో వావ్ రాస్తాం, ‘ఖాబ్’ అంటాం. పాత ఫార్సీలో ఆ వావ్ పలికేది. ‘బిల్కుల్’లో పలకని అలిఫ్ అరబీ రాత నుంచి వచ్చింది. ‘అష్‌షమ్స్’లో లామ్ రాస్తాం, పలకం. ఇవన్నీ మన పిల్లలు ఏ షరమ్ లేకుండా నేర్చుకుంటారు.

అందుకే ఇంగ్లీషు దగ్గర నవ్వకండి. “బేటా, ఈ హర్ఫ్ ఒకప్పుడు మాట్లాడేది, ఇప్పుడు చుప్” అని చెప్పండి. నవ్వితే బచ్చా గట్టిగా చదవడమే మానేస్తాడు.