తుగ్యానీ – మన మొహల్లాలు

ఈ యేటి సంచికకు చరిత్ర వ్యాసమొకటి కావాలని కార్యవర్గం వారు అడిగారు. నవాబుల గురించీ, కోటల గురించీ రాసేవారు చాలామంది ఉన్నారు. మేము నీళ్ళ గురించి రాయదలచుకున్నాము.

1908 నాటి మూసీ వరదను మన పెద్దలు 'తుగ్యానీ' అనేవారు. ఫలానా ఆయన తుగ్యానీకి ముందు పుట్టాడు, ఫలానా ఇల్లు తుగ్యానీ తరువాత కట్టింది అని లెక్క చెప్పుకొనేవారు. ఆ నీళ్ళను కళ్ళారా చూసినవారు ఇప్పుడు లేరు. వారి నోట విన్నవారూ ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

అది 1908 సెప్టెంబరు 28, సోమవారం. హిజ్రీ 1326, రంజాన్ నెల అప్పుడే మొదలైంది. ఎన్ని ఇళ్ళలో సహరీ గిన్నెలు సహరీ గిన్నెలుగానే కొట్టుకుపోయాయో ఎవరు చెప్పగలరు? సుమారు 15 వేలమంది పోయారని సాధారణంగా రాస్తారు. అఫ్జల్‌గంజ్, చాదర్‌ఘాట్ వంతెనలు తెగిపోయాయి. 1578లో కట్టిన పురానాపూల్ మాత్రం దెబ్బతిన్నా నిలబడింది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రిలో ఉంది, పిల్లలకు తప్పక చూపించండి. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ తన మహళ్ళ తలుపులు తెరిపించి, వంటశాలలు పెట్టించారు.

ఇంతవరకు అందరికీ తెలిసిన మాటే. మేము చెప్పదలచింది వేరు. 'మూసీ వచ్చింది' అంటాము గాని, మూసీ ఒక్కటే రాలేదు. వరద కారణాలు వెతకడానికి 1909లో వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పైనున్న చెరువులను లెక్కపెట్టించారు. ఆ పరీవాహకంలో 788 చెరువులు, వాటిలో 221 గండిపడ్డాయి. పై చెరువు తెగి కింది చెరువు మీద పడడం, అదీ తెగడం – అలా గొలుసుగా వచ్చిన నీరది. ఆ దారిలో ముందున్నది ఎవరు? ఒడ్డున పల్లంలో ఉన్న కోల్సావాడి, ఘాన్సీబజార్ వంటి పేటల జనం. ఎత్తు మీద ఉన్నవారికి వాన, పల్లంలో ఉన్నవారికి ప్రళయం.

15 వేలు అన్నారు గాని పేర్లేవీ? మా తరగతిలో అమ్జద్ హైదరాబాదీ రుబాయీలు చెప్పేటప్పుడు ఈ ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. ఆ వరదలో ఆయన తల్లి, భార్య, కూతురు ముగ్గురూ పోయారు, ఆయన ఒక్కడే మిగిలాడు. తరువాత ఆ రోజు మీద 'ఖయామతె సుగ్రా' అనే కవిత రాశాడు. కవి కాబట్టి ఆ ముగ్గురి సంగతి మనకు తెలిసింది. పక్కింటివాడు కవి కాడు.

విశ్వేశ్వరయ్యగారి సలహా మీద 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. నది అదుపులోకి వచ్చింది. అదుపులోకి వచ్చేసరికి భయమూ పోయింది. చెరువు శిఖాల్లో, కాలువ గట్ల మీద ప్లాట్లు పడ్డాయి. కొన్నది ఎవరు? పెద్ద రోడ్డు మీద గజం కొనలేని మనవాళ్ళే, నోటరీ కాగితం మీద.

2020 అక్టోబరు 13 రాత్రి పల్లె చెరువు నీళ్ళు అలీనగర్, అల్ జుబైల్ కాలనీల మీదికి వచ్చాయి. నాలుగైదు రోజులకే గుర్రం చెరువు తెగి హఫీజ్‌బాబానగర్ మునిగింది. ఆ రెండు పెద్ద సాగర్లకూ ఈ చెరువులకూ సంబంధం లేదు. 1908లో పైన జరిగిందే, చిన్నదిగా, మన గుమ్మం ముందు జరిగింది. సర్కారు ఇంటికి 10 వేల రూపాయలు ప్రకటించింది. ఆ డబ్బుకోసం ఒక ఆఫీసు ముందు రెండు రోజులు నిలబడి, ఆధార్ కార్డు తడిసిపోయిందని వెనక్కి వచ్చిన ముసలమ్మను మేము ఎరుగుదుము. ఆమె కిరాయి ఇంట్లో ఉంటుంది, మునిగిన ఇల్లు ఆమెది కాదన్నారట!

ఆ తరువాత బడి తెరిచాక పిల్లలకు ఒక పని పెట్టాము. మీ ఇంట్లో నీళ్ళు ఎంతెత్తు వచ్చాయి, ఏది పోయింది, ఎవరు వచ్చి తీసుకుపోయారు – ఇంతే రాసుకురమ్మన్నాము. వ్యాకరణం చూడమని చెప్పాము. ఒక పిల్లవాడు రాసిన దాంట్లో నాన్నగారి కుట్టుమిషను ఉంది, దాని కిస్తీ ఇంకా నాలుగు నెలలు ఉందట. ఒకమ్మాయి ఇంట్లో నికానామా, అక్క మెమో రెండూ ముద్దయ్యాయి. ఇంకొకడు పడవ వేసుకొచ్చిన మనుషుల పేర్లు రాశాడు. వాళ్ళలో వేరే వీధి హిందూ కుర్రాళ్ళు ఇద్దరు ఉన్నారు. ఏ రికార్డులోనూ ఇవి దొరకవు. 1908లో ఏ మాస్టారైనా ఇలా రాయించి ఉంటే కోల్సావాడిలో ఎవరెవరున్నారో మనకు తెలిసేది.

ఇప్పుడు ఆ నోటుపుస్తకాలను మొహల్లా వారీగా తిరిగి రాస్తున్నాము. కొన్ని ఇళ్ళ గోడల మీద నీటి చార ఇంకా ఉంది. పండక్కి సున్నం వేయించే ముందు మాకు ఒక మాట కబురు చేయండి. టేపు పట్టుకుని వస్తాము, కొలత రాసుకుని వెళ్ళిపోతాము.