ఎండదెబ్బకు కణం ఏం చేస్తుంది?

అల్ అజీజియాలో ఉంటున్న మనకి ఎండల గురించి ఒకరు చెప్పక్కర్లేదు. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని నిబంధనే ఉంది. మనిషికైతే నీడ దొరుకుతుంది. మరి ఒంట్లోని కణం ఎక్కడికి పోతుంది? ఈ ప్రశ్న వెంట వెళ్ళినవాళ్ళలో మన హైదరాబాదు వాళ్ళూ ఉన్నారు.

కథ ఇటలీలో మొదలైంది. ఫెరూచియో రిటోసా పండ్ల ఈగల కణాల్ని పరిశీలిస్తుండగా ఎవరో ఇంక్యుబేటరు వేడి పెంచేశారు. క్రోమోజోముల మీద అంతకుముందు లేనిచోట ఉబ్బులు కనిపించాయి. అక్కడ కొత్త ఆర్‌ఎన్‌ఏ తయారవుతోందన్నమాట. పేరున్న పత్రిక ఒకటి ఇందులో విశేషం లేదని తిప్పి పంపితే, 1962లో వేరేచోట అచ్చయింది. ఆ ఆర్‌ఎన్‌ఏ నుంచి పుట్టే ప్రొటీన్లు 1974లో గానీ బయటపడలేదు. అవే హీట్ షాక్ ప్రొటీన్లు. ఉడికిన తెల్లసొనలా మిగతా ప్రొటీన్లు ముద్దకట్టకుండా వీటిలో చాలావరకు కాపలా కాస్తాయి.

కొత్త ఆర్‌ఎన్‌ఏ ఒక్కటే చాలదు, పాతదాన్ని పక్కన కూర్చోబెట్టాలి. దెబ్బ తగిలిన కణంలో రోజువారీ పనుల ఆర్‌ఎన్‌ఏ చిన్న చిన్న గుంపులుగా చేరి ఆగిపోతుంది. ఆ గుంపులు ఎలా కడతాయో 1999లో అమెరికాలో నాన్సీ కెదర్షా, పాల్ ఆండర్సన్ బృందం చూపించింది. సర్వరు మీద భారం పెరిగితే తొందర లేని పనుల్ని మేం క్యూలో పెడతామే, అలాంటిదే.

అసలు చిక్కు కంటి కటకంలో ఉంది. అక్కడ ఎదిగిన కణాల్లో కేంద్రకమే ఉండదు. వెలుతురుకు అడ్డం కాకుండా కరిగిపోతుంది. కేంద్రకం లేకపోతే కొత్త ఆర్‌ఎన్‌ఏ లేదు, దాంతో కొత్త కాపలాదారూ రాడు. ముందే చేసిపెట్టుకున్న ఆల్ఫా క్రిస్టలిన్‌తోనే బతుకంతా నెట్టుకురావాలి. అది ఈగలోని చిన్న హీట్ షాక్ ప్రొటీన్లకు చుట్టమని 1982లో తేలింది. ముద్దకట్టడాన్ని ఆపుతుందని 1992లో జోసెఫ్ హార్విట్జ్ చూపించారు.

మరి వేడెక్కితే ఆ కాపలాదారుకే ఏమవుతుంది? హబ్సిగూడ దగ్గరున్న సీసీఎంబీలో సీహెచ్. మోహనరావు, బి. రామన్, టి. రామకృష్ణ 1990ల నడుమ దీన్ని పట్టుకున్నారు. మొత్తం కథలో నాకు బాగా నచ్చింది ఇదే. సుమారు 30 డిగ్రీలు దాటాక ఆల్ఫా క్రిస్టలిన్ ఆకారం కాస్త సడలుతుంది, లోపల దాగిన అంటుకునే భాగాలు పైకి తేలతాయి, చెడిపోతున్న ప్రొటీన్ల మీద దాని పట్టు ఇంకా పెరుగుతుంది. మోహనరావు గారు తరువాత సీసీఎంబీ డైరెక్టరుగా కూడా పనిచేశారు.

ఎంత పట్టున్నా నిల్వ తరిగేదే. అది చాలనినాడు ముద్దకట్టిన ప్రొటీన్లు వెలుతురును చెదరగొడతాయి. అదే శుక్లం. నాన్నగారికో అమ్మకో కంటి ఆపరేషనని సెలవు అడిగేవాళ్ళు మనలో ఏటా ఉంటూనే ఉంటారు. ఆ రోజు డాక్టరు తీసేసే కటకం నడిమధ్యన, వాళ్ళు ఇంకా కడుపులో ఉండగా తయారైన ప్రొటీన్లు కూడా ఉంటాయి.